సానచరిత్రము: నేటి కొలిమికి తగిన సానయంత్రము

ఇనుమును కాచి, సమ్మెటతో సాగగొట్టి పనిముట్టు చేయుట ఒక విద్య. చేసిన పనిముట్టునకు వాదర తీయుట వేఱొక విద్య. మొదటిదానిని గూర్చి పెద్దలు పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. రెండవదానిని గూర్చి వ్రాసినవారు అరుదు. సానపట్టుట కమ్మరిపనిలో కడపటి భాగ మగుటచేతను, బీదవాని పనిగా ఎంచబడుటచేతను, చరిత్రకారుల దృష్టి దానిపై నిలువలేదు. అయినను కొనువాడు కత్తిని చేతబట్టి మొట్టమొదట బొటనవ్రేలితో పరీక్షించునది వాదరనే గదా!

కొలిమి నడుపు మన యువకులు పలువు రిప్పుడు బెల్టు సాండరును కొనదలచి, వెల తక్కువవానిలో ఏది మేలని అడుగుచున్నారు. అప్పు తెచ్చి కొన్న యంత్రము అక్కఱకు రాకపోయినచో ఆ కుటుంబమునకు కలుగు నష్టము చిన్నది కాదు. యంత్రము కాల్చి చెఱచిన కత్తులు నాలుగు తిరిగివచ్చినచో, తాతలనాటినుండి ఊరిలో నిలిచిన మాటయు దానితో పోవును. ఈ ప్రశ్నకు జవాబు దుకాణదారుని ధరల పట్టికలో కంటె సానయొక్క చరిత్రములో ఎక్కువగా దొరకునని మా అభిప్రాయము. కావున మొదట చరిత్రమును, పిదప యంత్రమును విచారింతుము.

మన దేశమున సానకు తొలి సాధనము ఇసుకరాయి. రాతిపై నీరు చల్లి కత్తిని ముందునకు వెనుకకు నడుపుట నేటికిని ఇంటింట కలదు. దాని తరువాతి మెట్టు కురువిందము. కెంపును నీలమును ఈ ఖనిజపు జాతివే. కాఠిన్యమున వజ్రము తరువాత చెప్పదగినది. కురువిందపు రాతిని దంచి, జల్లించి, ఆ పొడిని కరగిన లక్కలో కలిపి, ఇరుసుపై చక్రముగా చేసెడివారు. ఇరుసునకు చుట్టిన తోలుపట్టెను ఒకడు రెండు చేతులతో ఇటునటు లాగుచుండగా వేఱొకడు పనిముట్టు నానించుచుండును. చక్రము ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగును. ఐరోపావారు ఈ ఖనిజమునకు 'కొరండమ్' అను పేరును మన దక్షిణదేశపు భాషలనుండియే గ్రహించిరి. తమిళమున దీనిని కురుందమందురు.

ఈ లక్కచక్రమున ఒక గుణము కలదు. లక్క వేడికి మెత్తబడును. గనుక పనివాడు తొందరపడి కత్తిని అదిమిపెట్టినచో మొదట చెడునది చక్రమే గాని కత్తి కాదు. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. ముందు యంత్రమును ఎన్నుకొనునప్పుడు దీనితో పని కలదు.

ఆ వాదరను నిలుపుకొన్న ఉక్కును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కును కరగించు పనిని హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు చూచి వ్రాసిన వర్ణనము 1832లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికయం దచ్చయినది. ఆ ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు అంత దూరమునుండి అచ్చటికి వచ్చుచుండిరి. ఆంగ్లేయులు 'వూట్జ్' అని వ్రాసినది మన ఉక్కు అను మాటయే. 1795లో జార్జి పియర్సన్ లండనులోని రాయల్ సొసైటీకి దీనిని గూర్చి వ్యాసము సమర్పించెను. లండనులో కత్తులు చేయు జేమ్సు స్టోడార్టు దీనితో పనిముట్లు చేసి మెచ్చుకొనెను. 1819లో మైకేల్ ఫారడే దీనిని పరీక్షించి వ్రాసెను; మరుసటి సంవత్సరము స్టోడార్టుతో కలిసి ఉక్కు మిశ్రమములను గూర్చి ప్రకటించెను. ఇంత కీర్తి గన్న ఉక్కునకు మన ఊళ్లలో సానపట్టినవారి పేరొక్కటియు మిగులలేదు.

ఇంగ్లండులో కత్తులకు పేరుపొందిన నగరము షెఫీల్డు. అచ్చట సానపట్టుటయే ప్రత్యేక వృత్తి. ఏటినీటితో తిరుగు చక్రములు పెద్ద ఇసుకరాళ్లను త్రిప్పుచుండగా, పనివాడు కొయ్యపీటపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి, రాతిపైకి వంగి పనిచేయువాడు. (ఫ్రాన్సులోని తియేర్ అను ఊరిలో పనివారు పలకలపై బోర్లపరుండి సానపట్టుచు, చలికి తమ కాళ్లపై కుక్కలను పరుండబెట్టుకొనెడివారట!) కత్తులకు తడిరాతిపై సాన, ఫోర్కులకు సూదులకు పొడిరాతిపై సాన. ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మట ఏటియొడ్డు విడిచి, ఊరినడుమ ఇఱుకు గదులలో పలువురు కలిసి పనిచేయ నారంభించిరి. రాతిధూళి, ఇనుపధూళి గదినిండ తేలుచుండెను. దగ్గు, ఆయాసము, క్షయ వారి ఆస్తియయ్యెను.

ఆ ఊరి వైద్యుడగు నైటు చెప్పిన సంగతిని 1845లో ఫ్రెడరిక్ ఎంగెల్సు తన గ్రంథమున ఉదహరించెను. పొడిసాన పట్టువారి సగటు ఆయువు 35 ఏండ్లైనను నిండుట కష్టము. తడిసాన పట్టువారిది 45 దాటుట అరుదు. ఊరొకటే, వృత్తి ఒకటే. నీటి బొట్టు పదియేండ్ల ఆయువు నిచ్చినది! 1820ల తొలినాళ్లలో ఏబ్రహామను షెఫీల్డు నివాసి అయస్కాంతములతో ధూళిని పట్టు సాధనమును కల్పించి బహుమతి నందెను. పనివారు దానిని వాడలేదు. ఆయువు పెరిగినచో పనివారు పెరుగుదురనియు, అందుచే కూలి తగ్గుననియు వారు భయపడిరని ఆ కాలపువారు వ్రాసిరి. ఆకలి ఎంత క్రూరముగ లెక్కలు వేయించునో చూడుడు. వాడినను ఆ సాధనము సగము మేలే చేసియుండును. అయస్కాంతము ఇనుపరజను పట్టును గాని రాతిధూళిని పట్టదు. ఊపిరితిత్తులను ఎక్కువగా చెఱచునది ఆ రాతిధూళియే.

ఇసుకరాయి తొలగుటకు కారణము కృత్రిమపు గరుకుపొడి. 1891లో అమెరికాదేశీయుడగు ఎడ్వర్డు అచిసన్ మట్టిని బొగ్గుతో కలిపి విద్యుత్తుతో కాచగా మెఱయు గట్టి స్ఫటికములు దొరకెను. అందు కర్బనమును కురువిందమును కలవని తలచి దానికి 'కార్బోరండమ్' అని పేరిడెను. నిజమునకు అందు కురువిందము లేదు. అది సిలికాను కార్బైడు. పొరబాటుననైనను మన దక్షిణదేశపు మాట ఆ క్రొత్తవస్తువును అంటిపెట్టుకొన్నది. మనకు ఈ పరిశ్రమ 1954లో మదరాసున కార్బోరండమ్ యూనివర్సల్ సంస్థతో స్థిరపడెను.

సానచక్రమున కిది జరుగుచుండగనే మఱియొక శాఖ పెరిగెను. అది మన వడ్రంగి సోదరులు ఉప్పుకాగితమని పిలుచు వస్తువు. 1833లో లండనున జాన్ ఓకీ గాజుపొడి నంటించిన కాగితమును తయారుచేయ మొదలిడెను. 1834లో అమెరికాలో ఐజక్ ఫిషరు ఇట్టిదానికే పేటెంటు పొందెను. ఆ జిగురు తడికి ఊడిపోవుచుండుటచే కాగితముపై నీటిని వాడ వీలులేకుండెను. 1921లో అమెరికాలోని త్రీయెమ్ సంస్థ తడికి చెడని కాగితమును అమ్మకమునకు తెచ్చెను. కాగితమునకు బదులు గట్టి గుడ్డను, జిగురునకు బదులు రెసినును వాడి, రెండు కొనలను అతికి వలయముగా చేసి, పుల్లీలపై త్రిప్పుటయే బెల్టు సాండరు. చక్రము అరిగినకొలది చిన్నదగును, ఒంకరయగును, ఒక్కొక్కప్పుడు పగులును. పట్టా అరిగినచో తీసి వేఱొకటి తొడుగుటయే. ముతకనుండి నునుపునకు మాఱుటకు నిమిషము పట్టదు. ఇందువలననే కత్తులు చేయువారు లోకమంతట దీనిని ఆదరించిరి.

ఇక ఎన్నిక. మోటారు ఎన్ని గుఱ్ఱముల బలముగలదని అందఱును మొదట అడుగుదురు. పట్టా నిమిషమునకు ఎన్ని అడుగులు పరుగెత్తునని అడుగవలెనని మేము చెప్పుచున్నాము. లెక్క సులభము. నాలుగంగుళముల పుల్లీ నిమిషమునకు 2,800 సార్లు తిరిగినచో పట్టా సుమారు 2,930 అడుగులు నడచును. అదే పుల్లీ 1,400 సార్లు తిరుగు మోటారుపై 1,465 అడుగులు. పుల్లీని రెండంగుళములకు తగ్గించినచో 730 అడుగులు. పదియంగుళముల తడిరాయి నిమిషమునకు 90 సార్లు తిరిగినచో దాని అంచు నడచునది 235 అడుగులు మాత్రమే. అనగా మొదటి యంత్రము తడిరాతికి పండ్రెండు రెట్లు వేగముగలది, నీరు లేనిది. లక్కచక్రము తన్ను తాను చెఱచుకొని కత్తిని కాచెను; ఈ పట్టా తాను చెడదు, కత్తిని కాల్చును. కర్బనపు ఉక్కు 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటినపుడు గడ్డివన్నెకు తిరుగును. 300 సమీపించునప్పటికి నీలివన్నె పట్టును. వాదరపై ఆ నీలి కనబడెనా, ఆ మేరకు ఉక్కు మెత్తబడినట్లే. తుడిచినను, మెఱుగుపెట్టినను గట్టిదనము తిరిగిరాదు. చెడినంత భాగమును చల్లగా అరగదీసి పాఱవేయవలసినదే.

అన్నిటికంటె చవుకగా దొరకునది చేతి యాంగిల్ గ్రైండరునకు బిగించు సన్నని పట్టా. ఆ గ్రైండరు నిమిషమునకు పదివేలసార్లకు పైగా తిరుగునది. అతుకులు నునుపుచేయుటకు పనికివచ్చునేమో గాని కత్తివాదరకు దానిని మేము ఒప్పుకొనము. వడ్రంగుల చేతిసాండరును తలక్రిందులుగా పట్టుకొయ్యలో బిగించి వాడువారు కలరు. రంపపుపొట్టు నిండిన దాని సంచిలో ఉక్కు నిప్పురవ్వ పడినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. కఱ్ఱకు వాడిన సంచిని ఉక్కునకు వాడరాదు.

కత్తిపీటలకు, కూరగాయల కత్తులకు, ఉలులకు సానపట్టుటయే పనియైనచో అంగుళము వెడల్పు, 30 అంగుళముల చుట్టుకొలతగల పట్టా నడచు చిన్నయంత్రము చాలును. దానికి పావు మొదలు మూడవవంతు గుఱ్ఱపుబలమే ఉండును. సానకు అంతకుమించి వలదు. 1,400 మోటారుగలది, లేక మెట్లపుల్లీగలది దొరకినచో వెల కొంచె మెక్కువయైనను దానినే కొనవలెను. ఒక్క ఫేజు మోటారును గాలిపంకా రెగ్యులేటరుతో నెమ్మదింపజేయవచ్చునని చెప్పు అమ్మకందారుల మాట నమ్మరాదు, మోటారు కాలును. పట్టా పక్కకు జారకుండ సరిచేయు మరయు, బిగువు నిలుపు స్ప్రింగును చేతితో కదల్చి చూడవలెను. ఆ కొలత పట్టాలు మీ ఊరి చేరువ దొరకునో లేదో కొనుటకు ముందే విచారింపవలెను. యంత్రపు వెల ఒక్కసారి, పట్టాల వెల ఎప్పటికిని.

కొలిమిలో కాచి కొట్టిన కత్తిని, గొడ్డలిని ఆకృతికి తెచ్చుట పనియైనచో చిన్నయంత్రము చాలదు. రెండంగుళముల వెడల్పు, 72 అంగుళముల చుట్టుకొలతగల పట్టాయే తగినది. దాని గరుకుతలము చిన్నదానికి దాదాపు అయిదు రెట్లు. ఒక్కొక్క గరుకురేణువునకు చల్లారు అవకాశ మంత ఎక్కువ. ఒకటి రెండు గుఱ్ఱముల బలము, మూడు ఫేజుల మోటారు, వేగమును మార్చు ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్నచో మేలు. దీని వెల ఒక కుటుంబము మోయరానిదే. అయినను చట్రము ఇనుపపని. అది మన చేతిలోని విద్య. పుల్లీలను లేతుపై తీయించి, మోటారు, బేరింగులు కొని, మిగిలినది కొలిమిలోనే చేసికొనవచ్చును. రెండు మూడు కొలిములవారు కలిసి ఒకటి నిలుపుకొనుట మఱియు మంచిది.

ఏ యంత్రమైనను ప్రక్కన నీళ్లతొట్టి లేనిదే త్రిప్పరాదు. కత్తిని వట్టిచేతితో పట్టి, వ్రేలికి వేడి తెలిసిన తక్షణమే ముంచవలెను. వాదరకు ఎదురుగా కాక, వాదరవెంట జాఱిపోవునట్లు పట్టా నడువవలెను. లేనిచో పట్టా తెగి ముఖముపైకి వచ్చును. అరిగిన పట్టాను పొదుపునకై వాడుట పొదుపు కాదు. అది కోయదు, రుద్ది కాల్చును. నిప్పురవ్వలు పడుచోట క్రింద నీటిపళ్లెము, ముక్కునకు ధూళి ఆపు మంచి మాస్కు, గదికి గాలివాటము తప్పనిసరి. షెఫీల్డువారి ఇసుకధూళి ఈ పట్టాలలో లేకపోయినను, ఉక్కురజనును గరుకుపొడిని పీల్చువానికి క్షేమము లేదు. ఇండ్లలో పిల్లలు పడుకొను గదిలో యంత్రము నిలుపువారిని చూచి ఈ మాట వ్రాయుచున్నాము.

120వ నంబరుతో ఆరంభించి, 240, 400లతో నునుపుచేసి, కడపట మంగలివారు కత్తి నూరునట్టి తోలుపట్టాపై నాలుగైదు సార్లు లాగినచో వంటింటి కత్తికి చాలును. గొడ్డలికి 120 తోనే ఆపవచ్చును. కక్కుకొడవలిని మాత్రము పండ్లవైపు పట్టాకు ఆనింపరాదు. పండ్లు క్షణములో తుడిచిపోవును. వెనుకతట్టు చదునును మాత్రము తేలికగా తాకించి, పండ్లను ఎప్పటివలె ఉలితోనే కొట్టవలెను.