చలాను కట్టకపోతే ఏమవుతది?

బండ్లకు నంబర్లు లేని కాలంలో పోలీసుకు ఒకటే దారి: ఎదురెళ్లి ఆపడం. తప్పించుకుపోయిన బండి ఎవరిదో తెలిసేది కాదు. పారిస్‌లో 1893లో, బ్రిటన్‌లో 1904లో నంబరు ప్లేటు వచ్చాక ఆ చిక్కు తీరింది. మన దగ్గర రిజిస్ట్రేషన్, లైసెన్సుల పద్ధతిని 1914 నాటి మోటారు వాహనాల చట్టం తెచ్చింది. కానీ అది బ్రిటిష్ ఇండియాకే.  నిజాం సంస్థానం విలీనమయ్యాకే 1939 నాటి కేంద్ర చట్టం ఇక్కడ అమలైంది. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టమే ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర కానిస్టేబుల్ చేతిలో కెమెరా కనబడితే చాలు, వెనక కూర్చున్నాయన నంబరు ప్లేటుకు కాలు అడ్డం పెడతాడు. "ఫొటో కొట్టిండు" అన్నారంటే చలాను పడ్డట్టే. కొన్నేళ్ల కిందటి దాకా హెల్మెట్ లేనందుకు వంద, సర్వీసు చార్జి 35, మొత్తం 135 రూపాయలు ఉండేది. అది ఒక్కసారైనా కట్టనివారు ఈ జిల్లాలో అరుదు.

కట్టించుకునే ఈ అధికారం 1988 చట్టంలోని సెక్షన్ 200 నుంచి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఎవరికి అధికారమిస్తే ఆ అధికారి చిన్న నేరాలను జరిమానాతో అక్కడికక్కడే ముగించవచ్చు. కట్టను అనే హక్కు వాహనదారుకూ ఉంది. అప్పుడు తేల్చేది కోర్టే. సమన్లు వస్తాయి. వాటినీ పట్టించుకోకపోతే వారంటు దాకా పోవచ్చు. బండి ఆపి ఉంచే అధికారం మాత్రం సెక్షన్ 207లో లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ వంటివి లేనప్పటికే పరిమితం. పాత చలాన్లు బాకీ ఉన్నాయన్న ఒక్క కారణం అందులో లేదు. 2021లో వచ్చిన 167ఎ నిబంధన, కెమెరాకు చిక్కిన తప్పుపై 15 రోజుల్లో నోటీసు పంపాలంది.

అయినా కోర్టు దాకా పోయే ఓపిక ఎవరికుంది? చలాన్లు పేరుకుపోయాయి. 2022 మార్చిలో రాష్ట్ర పోలీసులు రాయితీ ప్రకటించారు. బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. సుమారు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ ఇచ్చారు, ఈసారి బైకులకు 80 శాతం. ఖజానాకు డబ్బు వచ్చిన మాట నిజమే. కానీ పడిన రోజే చలాను కట్టినవారికి ఇది అన్యాయం. ఆగితే తగ్గుతుందని జనానికి ప్రభుత్వమే నేర్పినట్టయింది. నా మట్టుకు ఈ రాయితీలు వద్దంటాను.

ఎందుకంటే, తప్పును తేలిగ్గా తీసుకునే అలవాటు ప్రమాదం జరిగేదాకా వదలదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలమూరు జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది సజీవదహనమయ్యారు. అప్పుడుగాని ప్రైవేటు ట్రావెల్స్ పర్మిట్ల మీద రవాణా శాఖ దాడులు ఊపందుకోలేదు. అంతకుముందు ఆ కాగితాలు ఎవరు చూశారు? ఆ రోడ్డు మీద నడిచే బస్సులు ఆ తెల్లవారుజామునే పుట్టుకురాలేదు కదా.

చలాన్లకు రాయితీలున్నా, తాగి నడిపితే మాత్రం రోడ్డు మీద రాజీ లేదు. నేరుగా కోర్టుకే వెళ్లాలి. 2019 సవరణ మొదటిసారి దొరికినవారి జరిమానాను 10,000 రూపాయలకు పెంచింది. ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.