సైకిలు పండ్లచక్రము: అరుగుదల, బరువు, వెల

సైకిలును ప్రేమించువారు తుడిచి మెఱయించునవి హేండిలు, రిమ్ములు, గంట. గొలుసు పట్టి తిరుగు వెనుకటి పండ్లచక్రమును పలుకరించువారు తక్కువ. అది నూనెతోను దుమ్ముతోను నల్లబడి ఇరుసు ప్రక్కను ఒదిగి యుండును. కాని తొక్కువాని కాలిసత్తువ యంతయు నేలను చేరుట దాని పండ్ల మీదుగానే. టైర్లవలెనే అదియు అరిగిపోవుటకు పుట్టిన వస్తువు. అరుగుట తప్పని వస్తువును ఏ లోహముతో చేయవలెను? తేలికగా చేయవలెనా, గట్టిగా చేయవలెనా? అరిగిన పిదప ఒక ముక్కను మార్చిన చాలునా, మొత్తమును పాఱవేయవలెనా? నూఱేండ్లకు పైగా సైకిలు పనివారు ఈ ప్రశ్నలకు చెప్పుచు వచ్చిన సమాధానములే ఈ చిన్న చక్రము చరిత్ర.

మొదట సైకిలునకు పండ్లచక్రమే లేదు. 1817లో జర్మనీలోని మాన్‌హైము నగరమున కార్ల్ డ్రయిసు నడిపి చూపిన రెండుచక్రముల బండిని కాళ్ళతో నేలను తన్నుచు నడుపవలసి యుండెను. 1860 దశకములో పారిసు నగరమున ముందు చక్రమునకే పెడళ్ళు తగిలించిరి. పెడలు ఒకమాఱు తిరిగిన చక్రమును ఒకమాఱే తిరుగును. కావున వేగము కోరువాడు చక్రమును పెద్దది చేసికొనవలెను. అట్లు పెంచగా పెంచగా అది మనిషి రొమ్మెత్తు వచ్చెను. దానికి హద్దు పెట్టినది లోహము కాదు, తొక్కువాని కాలి పొడవు. అంత ఎత్తునుండి ముందునకు బోరగిలబడుట నాటి సవారికి మామూలు ముచ్చట.

ఈ చిక్కును విప్పినది గొలుసు. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్సు రెనాల్డు 1880లో రోలరు గొలుసునకు పేటెంటు పొందెను. 1885లో కావెంట్రీ నగరమున జాన్ కెంపు స్టార్లీ తెచ్చిన రోవరు సైకిలులో పెడళ్ళు నడుమకు వచ్చినవి, గొలుసు వెనుక చక్రమును త్రిప్పెను. ముందు 48 పండ్లు, వెనుక 18 పండ్లు ఉన్నచో పెడలు ఒకమాఱు తిరుగునప్పటికి వెనుక చక్రము రెండు చుట్లును, మూడవ చుట్టులో మూడింట రెండు వంతులును తిరుగును. చక్రమును పెంచకయే వేగమును పొందు ఉపాయము దొరకెను. దాని వెంటనే అరుగుదలయు వచ్చెను.

ఈ అరుగుదల రీతి కొంచెము విచిత్రమైనది. గొలుసులో ఒక మేకునుండి మఱియొక మేకునకు దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. మొదటి రోజులలో అంగుళపు గొలుసులును ఉండెను గాని, కాలక్రమమున అర అంగుళమే నిలిచినది. గొలుసు సాగినది అని మన మందుము. నిజమునకు ఉక్కు సాగదు. మేకులు, వాని చుట్టునున్న గొట్టములు ఒండొంటిని రాచుకొని అరుగును; ప్రతి కీలునందును సందు పెరుగును. ఇరువదినాలుగు కీళ్ళ కొత్త గొలుసు సరిగా 12 అంగుళము లుండును. అదే గొలుసు అంగుళములో పదియాఱవ వంతు పెరిగినదనుకొనుడు. ఒక్కొక్క కీలునకు వచ్చునది తలవెండ్రుక మందము మాత్రమే. కాని పండ్లకు ఆ మాత్రము తేడా చాలును. అన్ని పండ్ల మీద సమముగా పడవలసిన భారము ఒకటి రెండు పండ్ల మీద పడును. గొలుసు పంటి మొదలు విడిచి కొనకు ప్రాకును. పంటి ఒక ప్రక్క కొఱికినట్లు గుంటపడి, కడకు పన్ను కొక్కెమువలె వంగినట్లు కనబడును.

ఇచ్చట సైకిలు యజమానులను కలవరపెట్టు సంగతి యొకటి కలదు. పాత గొలుసు, పాత పండ్లచక్రము కూడబలుకుకొని అరుగును. అందుచే రెండును కలిసి బాగుగనే నడచును. గొలుసు మాత్రము మార్చి, కొత్తది పాత పండ్ల మీద వేసిన నాడు గట్టిగా తొక్కగానే అది టకటక జారును. దుకాణదారుడు చెడ్డ గొలుసు అంటగట్టెనని యజమాని మండిపడును. తప్పు గొలుసుది కాదు. పదియాఱవ వంతు పెరిగినప్పుడే గొలుసును మార్చినచో పండ్లు దక్కును. ఎనిమిదవ వంతు వఱకు ఉపేక్షించినచో గొలుసుతో పాటు పండ్లచక్రమును మార్చవలసి వచ్చుట దాదాపు నిశ్చయము. అడుగుబద్ద యొకటి ఇంట నున్న చాలును, ఈ పరీక్షకు వేఱే పరికరము అక్కరలేదు.

మన దేశపు సాధారణ సైకిలునకు వెనుక ఒక్కటే పండ్లచక్రము. శ్రోతలలో పలువురకు అది ఫ్రీవీలు అను పేరుతో తెలియును. తొక్కుట మానినప్పుడు టిక్కుటిక్కుమని పలుకునది అదియే. దళసరి ఉక్కుతో చేసినది, చౌక, ఏండ్ల తరబడి నడచును. దాని బరువును గుఱించి ఎవ్వరును అడుగరు. బరువు ప్రశ్న తలయెత్తినది కొండలెక్కు దేశములందు.

ఫ్రాన్సులోని సెయింట్ ఎతియెన్ పట్టణమున పాల్ ద వివీ అను నాతడు, వెలోసియో అను కలముపేరుతో, 1887లో ఒక సైకిలు పత్రికను స్థాపించి, కొండదారికి ఒక పండ్లచక్రము, మైదానమునకు ఒకటి ఉండితీరవలెనని జీవితాంతము వాదించెను. దీనికి ఎదురు నిలిచినవాడు 1903లో తూర్ ద ఫ్రాన్సు పందెమును ఆరంభించిన ఆన్రీ దెగ్రాంజు. మనిషి కండబలముతో గెలువవలెను గాని యంత్రపు నేర్పుతో కాదని ఆయన పట్టుదల. అందువలన ఆ పందెగాండ్రు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల వేర్వేఱు పండ్లచక్రములు బిగించుకొని, కొండ మొదటికి రాగానే దిగి, నట్లు విప్పి, చక్రమును త్రిప్పి బిగించుకొనుచుండిరి. 1927లో ఇటలీలోని క్రోచె దౌనె కనుమపై తూలియో కాంపన్యోలో అను పందెగాడు మంచులో వ్రేళ్ళు కొంకర్లుపోయి నట్టు విప్పలేకపోయెనని, ఆ కసితోనే చిటికెలో చక్రమూడు మీటను కనిపెట్టెనని ఒక కథ చెప్పుదురు. కథ ఎట్లున్నను ఆ మీట నేటికిని వాడుకలో నున్నది. 1937లో గాని తూర్ పందెమున డిరైలరునకు, అనగా గొలుసును ఒక పండ్లచక్రము మీదినుండి ప్రక్కదాని మీదికి నెట్టు పరికరమునకు, అనుమతి రాలేదు. ఆ యేడు గెలిచిన రోజే లపెబీ దానిని వాడెను.

అంతటితో వెనుక ఒక్క చక్రము స్థానమున మూడు, నాలుగు, అయిదు చక్రముల దొంతర వచ్చెను. అవి ఒకే ఫ్రీవీలు మీద వరుసగా కూర్చబడి యుండెను. అన్నియు ఒకే రీతి అరుగవు. పండ్లు తక్కువైనకొలది ఒక్కొక్క పంటి మీద భారము హెచ్చు, గొలుసు దాని మీదికి వచ్చుటయు తఱచు. కావున చిన్నవి ముందు అరుగును. యూరపులోని పేరున్న దుకాణములలో గోడకు పలకలు వ్రేలాడుచుండెను. వాని మీద పండ్ల సంఖ్య వారీగా విడి చక్రములు అమర్చియుండును. అరిగినదానిని విప్పి, పలక మీదినుండి ఒకటి తీసికొని బిగించుకొని పోవచ్చును. నా దృష్టిలో పండ్లచక్రము చరిత్రలో యజమానికి అంత అనుకూలమైన కాలము మఱి రాలేదు.

అయినను ఆ యమరికలో లోపములు లేకపోలేదు. ఫ్రీవీలు హబ్బునకు మరతో బిగించియుండును. తొక్కినకొలది మఱింత బిగియును. నెలల తరబడి మనిషి కాలితో బిగించినదానిని ఊడదీయుట సామాన్యము కాదు. పైగా దొంతర వెడల్పైనకొలది కుడివైపు బేరింగు లోపలికి జరిగి, ఆధారము లేని ఇరుసు కొన వంగుటయు విరుగుటయు జరుగుచుండెను.

ఈ రెంటికిని మందు వేసినది జపానులోని సకాయి పట్టణము. అది పూర్వమునుండి కత్తులకు పేరుపడినది. అచ్చట 1921లో షోజబురో షిమానో పని మొదలిడి, మరుసటి యేట ఫ్రీవీళ్ళు చేసి అమ్మెను. ఆ సంస్థయే 1978లో టిక్కుటిక్కుమను భాగమును హబ్బులోనే కలిపి, పండ్లచక్రములను విడి దొంతరగా దాని గాళ్ళలో జొనిపెను. ఈ దొంతరయే కాసెట్టు. ఇంగ్లండులో బేలిసు వైలీ సంస్థ 1938లోనే ఇట్టి హబ్బును చేసియుండెను గాని అది ప్రాకలేదు. ఇప్పుడు బేరింగు ఇరుసు కొనకు చేరెను. అరిగిన చక్రములను మార్చునప్పుడు టిక్కుటిక్కు యంత్రమును పాఱవేయనక్కరలేదు. యజమానికి లాభము కలుగవలసిన మార్పు ఇది. కొంతకాలము కలిగెను కూడ.

లాభము తగ్గుటకు హేతువులు రెండు. 1989 ప్రాంతమున గొలుసు సులువుగా మాఱుటకై పండ్ల ప్రక్కల వాలులు చెక్కసాగిరి. ఒక చక్రము వాలు ప్రక్కదాని పంటితో కుదురవలెను గనుక దొంతరను ఒక్క జట్టుగానే అమ్ముట మేలని తయారీదారులు తలచిరి. రెండవ హేతువు బరువు. ఉక్కు నీటికి దాదాపు ఎనిమిది రెట్లు బరువు. టైటానియము నాలుగున్నర రెట్లు. అల్యూమినియము మూడు రెట్లైనను లేదు. అల్యూమినియపు పండ్లు చేతిలో తమలపాకువలె తోచును గాని గొలుసు ఉక్కుది. మెత్తని లోహము దాని ముందు నిలువజాలదు. అట్టివి ఒకపూట పందెమునకు తగును, ఏడాది పొడుగునను తొక్కువానికి తగవు. టైటానియము అంతకంటె గట్టిది, కాని ఉక్కుతో సరి రాదు, వెలయు అధికము. తుదకు పెద్ద చక్రములు టైటానియముతోను, బాధపడు చిన్నవి ఉక్కుతోను చేయు పద్ధతి ఉత్తమశ్రేణి కాసెట్టులందు కుదురుకొనెను. పెద్ద చక్రములు కొన్నిటిని ఒకే తేలిక చట్రమునకు మేకులతో బిగించిరి. బరువు తగ్గెను, విడిగా ఒకదానిని మార్చు వీలును పోయెను.

ఇంత చేసి మిగిలినదెంత? షిమానో వారి పదునొకండు చక్రముల కాసెట్టులలో, 11 పండ్లనుండి 28 పండ్ల వఱకు గల మధ్యరకపు దానికి బరువు సుమారు 280 గ్రాములు. అత్యుత్తమమైన దానికి సుమారు 190. తేడా 90 గ్రాములు, ఒక మామూలు సబ్బుబిళ్ళ యెత్తు. వెల మాత్రము కొన్ని రెట్లు. మనిషి, సైకిలు, నీళ్ళసీసా కలిపి 80 కిలోలనుకొనుడు. ఒక గంట పట్టు కొండను అదే శక్తితో ఎక్కినచో ఈ 90 గ్రాములు మిగుల్చు కాలము సుమారు నాలుగు సెకనులు. పందెములో నాలుగు సెకనులకు విలువ లేదని అనను. కాని ప్రపంచ సైకిలు సమాఖ్య 2000 నుండి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమించినది. ఆ హద్దును సులభముగా చేరు సైకిలునకు తేలిక కాసెట్టు వలన ఒరుగునదేమి? బరువు తగ్గింపదలచినవాడు అరుగని భాగములందు తగ్గించుకొనుట తెలివి. అచ్చట పెట్టిన డబ్బు ఒకమాఱే పెట్టును. కాసెట్టునందు పెట్టినది అరిగినప్పుడెల్ల మరల పెట్టవలెను.

అయినను పనివారి నేర్పు నన్నాశ్చర్యపఱచకపోలేదు. 2016లో స్రామ్ అను అమెరికా సంస్థ కొండదారుల సైకిళ్ళకై 10 పండ్లనుండి 50 పండ్ల వఱకు పండ్రెండు చక్రముల కాసెట్టును తెచ్చెను. దాని ఉత్తమరకములో అన్నిటికంటె పెద్ద చక్రము తప్ప తక్కినవన్నియు ఒకే ఉక్కుదిమ్మెనుండి తొలిచి తీసినవి, లోపల గుల్ల. లోహమును మార్చక ఆకారమును మార్చి బరువు తగ్గించుట మెచ్చదగినదే. దాని వెలకు మన ఊళ్ళలోని సాధారణ సైకిళ్ళు మూడు నాలుగు వచ్చును. పది పండ్ల చిన్న చక్రము అరిగినను దొంతరయంతయు మార్చవలసినదే.

మధ్యరకపు ఉక్కు కాసెట్టులలో మాత్రము చిన్న చక్రములు కొన్ని నేటికిని మేకులు లేక విడివిడిగానే ఉన్నవి. మూతమర విప్పగానే అవి ఒక్కొక్కటిగా చేతిలోనికి వచ్చును. పదునొకండు పండ్ల చక్రము వంటివి విడిభాగములుగా దొరకుచునే యున్నవి. గోడ మీది పలకలు పోయినవి గాని, అడిగినవానికి ఆ చిన్న చక్రము తెప్పించి యిచ్చు దుకాణములు కలవు.