చంద్రకేతుగఢ్ మట్టికోట: పేరు, పెంకు, పొర

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ హుగ్లీ నది ఒడ్డున ఉన్నది. ఒకనాడు బెంగాల్ నాగపూర్ రైల్వేకు, నేడు ఆగ్నేయ రైల్వేకు కేంద్రమైన ఈ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. అయితే గంగాముఖంలోని ప్రాచీన నగర జీవనాన్ని చూడగోరే వారు ఇక్కడి నుండి నగరాన్ని దాటి, ఈశాన్యంగా బేడాచాంపా గ్రామ సమీపానికి వెళ్లవలసి ఉంటుంది. కోల్‌కతాకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, వరిచేల నడుమ చెట్లు మొలిచిన ఎత్తైన మట్టికట్టలు కనిపిస్తాయి. అవే చంద్రకేతుగఢ్ ప్రాకారాలు.

చంద్రకేతు రాజుకు, పీర్ గోరాచాంద్‌కు ముడిపెట్టిన జనశ్రుతి మధ్యయుగపుది. కోటను కూడా ఆ కాలానిదేనని భావించటం సులభం. కాని కలకత్తా విశ్వవిద్యాలయపు ఆశుతోష్ మ్యూజియం 1956-57లో ఆరంభించిన తవ్వకాలు మౌర్యుల కాలానికి ముందు నుండి పాలవంశ యుగం వరకు వరుస పొరలను వెల్లడించాయి. ఖనా-మిహిర్ దిబ్బలో గుప్తుల కాలపు ఆలయ కట్టడం బయటపడినది. ప్రాకారాలు ఆది చారిత్రక నగరానివి. పేరు మాత్రమే తరువాతిది.

‘రోమన్ జాడలు’ అనే మాట విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. ఇక్కడ లభించిన రౌలెటెడ్ పాత్రల లోపలి అడుగున చుక్కల వలయాలు ఉంటాయి. 1945లో అరికమేడులో తవ్విన మార్టిమర్ వీలర్, ఇటలీ పాత్రలతో పోల్చి వీటి కాలాన్ని నిర్ణయించారు. ఇవి భారతదేశంలోనే తయారైనవనీ, రోమన్ వర్తకానికి ముందే వాడుకలోకి వచ్చినవనీ తరువాతి పరిశోధన తేల్చినది. కనుక ఒక్క పెంకు రోమన్ నావకు సాక్ష్యం కాదు. తీరం వెంట సాగిన రాకపోకలకు మాత్రం సాక్ష్యమే. వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధక్షేత్రంలోనూ ఈ పాత్రలే దొరికాయి. క్రీ.శ. 5వ శతాబ్ది ఆరంభంలో తామ్రలిప్తిలో రెండేళ్లు సూత్రగ్రంథాలను ప్రతులు వ్రాసుకొన్న ఫాహియాన్, అక్కడ వర్తకుల నావనెక్కి సింహళం చేరాడు. భిక్షువు మార్గము, వర్తకుని మార్గము ఒక్కటే.

చంద్రకేతుగఢ్ మట్టిబొమ్మలు అనేకం ఏ పొరలో దొరికినవో నమోదు కాకుండానే విదేశీ సంగ్రహాలకు చేరాయి. వాటి అందం మిగిలినది, చరిత్ర పోయినది. రాతిస్తూపాన్ని చూసినవారు ఆగి నమస్కరిస్తారు. మట్టిప్రాకారాన్ని చేనిగట్టుగా భావించి చదును చేస్తారు. అటువంటి చోట తిరిగే పరిశోధకుడైనా, భిక్షువైనా పెంకును తీయక, అది ఉన్న తావును గుర్తించి పురావస్తు శాఖకు తెలుపటమే ఆ మట్టికి చేయగల సేవ.