ఒకే ఎంజైము – పలు కణములు, పలు పనులు

హసన్‌పర్తి రోడ్ స్టేషనులో రైలు కదలబోవుచున్నది. ఆలస్యముగా వచ్చిన ప్రయాణికుడు పరుగెత్తును. అతని గుండె బలముగా కొట్టుకొనును. కాలేయము రక్తములోనికి చక్కెరను వదలును. నిలువయున్న కొవ్వు విడివడును. శ్వాసనాళములు విప్పారును. వీటన్నింటికిని ఆజ్ఞ ఇచ్చునది ముఖ్యముగా అడ్రినలిన్ అను హార్మోను. ఒకే ఆజ్ఞకు ఇన్ని ఫలితములెట్లు కలుగుచున్నవి? దీనికి సమాధానము దొరకుటకు సుమారు నలువది ఏండ్లు పట్టినది. అందులో తొలి మెట్టు కట్టినవారిలో ఒక తెలుగువాడు కలడు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి, భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి వారికి కొత్త కన్నువంటిదైనది. 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని, వారు కనుగొనిరి. ఆ సంవత్సరమే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని స్వతంత్రముగా కనుగొనెను. ఇందు మూడు ఫాస్ఫేటు భాగములుండును. ఇది కణములకు శక్తినిచ్చు పదార్థమని తరువాత తేలినది.

దీనికి మరియొక పని కూడ కలదు. ఏ.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటు వచ్చి అతుకుకొనినచో కండరములలోని ఒక ఎంజైము మేల్కొనునని 1955లో అమెరికాలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ చూపిరి. అడ్రినలిన్ కాలేయకణము లోపలికి పోనక్కరలేదనియు, దాని ప్రభావముచే కణపు పొరవద్ద ఏ.టి.పి. నుండి చక్రీయ ఏ.యం.పి. అను చిన్న అణువు తయారగుననియు ఎర్ల్ సదర్లాండ్, థియోడర్ రాల్ 1957–58లలో తెలిపిరి. ఆ అణువు మేల్కొలుపు ఎంజైమును క్రెబ్స్ బృందము 1968లో గుర్తించినది. అదియే ప్రోటీన్ కైనేజ్–ఏ. ఏ.టి.పి. నుండి ఫాస్ఫేటును తీసి ఇతర ప్రోటీనులకు తగిలించుట దీని పని. ఈ పరిశోధనలకు సదర్లాండ్ 1971లోను, ఫిషర్, క్రెబ్స్ 1992లోను నోబెల్ బహుమానము పొందిరి.

ఎంజైము ఒకటే; అది తాకు ప్రోటీనులు మాత్రము కణమునుబట్టి వేరు. కాలేయములో దాని ప్రేరణచే గ్లైకోజన్ గ్లూకోజుగా విడిపోవును. కొవ్వుకణములో కొవ్వును విడగొట్టు ఎంజైము పనికి దిగును. గుండె కండరములో కాల్షియము ద్వారములు తెరచుకొని సంకోచము బలపడును. శ్వాసనాళపు కండరములో సంకోచమునకు తోడ్పడు ప్రోటీనులు అణగి, కండరము సడలును. ఉబ్బసరోగులు పీల్చు సాల్బుటమాల్ మందు ఈ మార్గముననే పనిచేయును. మూత్రపిండములో వేరొక హార్మోను పంపిన సందేశము అందినప్పుడు, ఇదే ఎంజైము నీటి ద్వారములను కణపు పొరలోనికి చేర్పించి, నీరు వృథాగా పోకుండ కాపాడును.

ఈ ఆజ్ఞ ఆగకుండినచో ఎంతటి ముప్పో కలరా తెలుపును. కలరా విషము పేగుకణములలో చక్రీయ ఏ.యం.పి. ఉత్పత్తిని ఆగనీయదు. ప్రోటీన్ కైనేజ్–ఏ క్లోరైడు ద్వారములను తెరచియే ఉంచుటచే లవణము, దానివెంట నీరు పేగులోనికి ప్రవహించి, రోగి ఎండిపోవును. అయితే గ్లూకోజు, సోడియము కలిసి కణములోనికి పోవు మార్గమును ఆ విషము మూయలేదు. అందుచేతనే ఉప్పు, గ్లూకోజు తగుపాళ్ళలో కలిపిన నీరు ప్రాణములు నిలుపుచున్నది.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో మరణించిరి. తాము కనుగొనిన పదార్థము శక్తినే గాక సందేశమును కూడ మోయునను సంగతి వారి కాలమునకు తెలియదు. భాస్వరమును సరిగా కొలుచుటకై చేసిన ప్రయత్నము ఇంత దూరము దారి తీసినది.