బల్ల చుట్టు కూర్చున్నవారు
(వలస కూలీల హక్కుల కొరకు ఏర్పడిన కమిటీల చరిత్ర)

నూరేండ్ల పండుగ సంచికలో గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని, ఆసుపత్రులు నడిపినవారిని స్మరించుకొనుట మన వాడుక. అది న్యాయమే. అయితే మరియొక తరగతి సేవకులు గలరు. వారి పేర్లు శిలాఫలకముల మీద కనబడవు. వారు కమిటీలలో కూర్చుండి, మినిట్సు పుస్తకములో సంతకము చేసి, లేచి ఇంటికి పోయినవారు. ఊరు విడిచి కూలికి పోయినవారి హక్కుల కొరకు ఏర్పడిన కమిటీలలో ఎవరు కూర్చుండిరి, వారి వలన ఏమి జరిగెను అను సంగతిని ఈ చిన్న వ్యాసములో వ్రాయ తలంచితిని. మన సంఘముల నుండి ఎందరో గల్ఫు దేశములకును, భీవండి, సూరత్ పట్టణములకును పోయియున్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

కలకత్తా కమిటీ

1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టము చేసెను. 1834 ఆగస్టు 1వ తేదీన అది అమలులోనికి వచ్చెను. బానిసలు పోగా చెరకు తోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. వారి చూపు మన దేశము మీద పడెను. మొదట మారిషసు ద్వీపమునకు, తరువాత 1838 జనవరిలో విట్బీ, హెస్పరస్ అను రెండు ఓడలలో బ్రిటిషు గయానాకు కూలీలను ఎక్కించిరి. గయానాకు వీరిని రప్పించుకొన్న యజమానులలో ముఖ్యుడు జాన్ గ్లాడ్‌స్టన్. తరువాతి కాలమున ఇంగ్లండు ప్రధానమంత్రియైన విలియం గ్లాడ్‌స్టన్ ఇతని కుమారుడే. మన తెలుగువారును ఈ ప్రవాహములో కొట్టుకొని పోయిరి. మారిషసులోను బర్మాలోను తెలుగువారిని కోరంగీలని పిలుచుటకు కాకినాడ దగ్గరి కోరంగి రేవు కారణము. ఏ రేవులో ఓడ ఎక్కిరో ఆ రేవు పేరే వారికి జాతి పేరైపోయెను.

కూలీలను దగా చేసి ఓడ ఎక్కించుచున్నారని కలకత్తాలో గగ్గోలు పుట్టగా 1838లో ప్రభుత్వము ఒక విచారణ కమిటీని వేసెను. ఆ బల్ల చుట్టు కూర్చున్నవారిని చూడుడి. అధ్యక్షుడు థియోడోర్ డికెన్సు, న్యాయవాది. రెవరెండ్ జేమ్సు చార్లెసు, స్కాట్లండు సంఘపు గురువు. రసమయ దత్తు, బెంగాలీ పెద్దమనిషి, కవయిత్రి తోరూ దత్తుకు తాత. డౌసన్, వర్తకుడు. మేజర్ ఆర్చర్, సైనికుడు. గ్రాంటు, ప్రభుత్వోద్యోగి. ఒక్క రంగు, ఒక్క వృత్తి, ఒక్క ప్రయోజనము గలవారు కారు.

ఆ కమిటీ ముందు ఓడల యజమానులును, వర్తకులును, వైద్యులును సాక్ష్యమిచ్చిరి. అంతటితో ఆగక, మారిషసు నుండి తిరిగివచ్చిన కూలీలను కూడ పిలిపించి అడిగిరి. బీబీ జహూరన్ అను స్త్రీ వారి యెదుట నిలిచి, దఫేదారు తన్ను మోసపుచ్చి పంపెననియు, అచ్చట యజమాని చెడు కోరికను తాను నిరాకరించితిననియు, తిరిగివచ్చిన తరువాత కన్నతల్లియే తన చేతి నీళ్లు ముట్టుట లేదనియు చెప్పెను. ఆమె మాట కాగితము మీదికి ఎక్కెను. నాటి పెద్ద పెద్ద వర్తకుల పేర్లు మనకు తెలియవు గాని, ఆమె పలుకు నేటికిని చరిత్రకారులు చదువుచున్నారు.

1840 అక్టోబరులో నివేదిక సిద్ధమయ్యెను. కూలీలలో అధిక సంఖ్యాకులు మోసముచేత తేబడినవారేయనియు, ఎక్కడికి పోవుచున్నారో ఏమి ఒప్పుకొన్నారో వారికి తెలియదనియు దాని సారాంశము. దాని మీద సంతకము చేసినవారు ముగ్గురే: న్యాయవాది, గురువు, బెంగాలీ సభ్యుడు. వర్తకుడు తన అసమ్మతిని విడిగా వ్రాసెను. గ్రాంటు కూడ, కట్టుదిట్టములు చేసి వలసను సాగనీయవచ్చునని వేరుగా వ్రాసెను.

ఈ ముగ్గురు గెలిచిరా? లేదు. 1839లో విధించిన నిషేధమును 1842లో మారిషసు కొరకును, 1844లో వెస్టిండీసు కొరకును సడలించిరి. తోటల యజమానుల పలుకుబడి అటువంటిది. కమిటీ నివేదిక బీరువా పాలయ్యెనని ఆనాడు అనుకొనియుందురు. అయితే దాచిపెట్టిన విత్తనము చచ్చినట్లు కాదు గదా!

లండనులోని మిత్రులు

అదే కాలమున, 1839లో, లండనులో బ్రిటిషు మరియు విదేశీ బానిసత్వ వ్యతిరేక సంఘము ఏర్పడెను. దాని స్థాపకులలో ముఖ్యుడు జోసెఫ్ స్టర్జి, బర్మింగ్‌హాములో ధాన్యపు వర్తకుడు, క్వేకరు భక్తుడు. మద్యము కాచుటకు ధాన్యము అమ్మనని తన వ్యాపారములో లాభమును వదలుకొన్న మనిషి. బల్ల దగ్గర చెప్పిన మాటను దుకాణము దగ్గర కూడ నిలుపుకొన్నాడన్నమాట. అదే పనిలోనున్న జాన్ స్కోబుల్ 1839లో స్వయముగా గయానాకు పోయి, తోటలలోని కూలీల స్థితిని కండ్లార చూచి, 1840లో పుస్తకముగా అచ్చువేసెను. ఆ సంఘము పేరు మారినను నేటికిని పని చేయుచున్నది.

నాటాలు, ఫిజీ

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి బయలుదేరి నాటాలు చేరెను. దక్షిణాఫ్రికాకు పోయిన మొదటి కూలీల ఓడ అది. తరువాత ఎందరో తెలుగువారు ఆ దారి పట్టిరి. వారి కొరకు నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు క్రైస్తవులు తమ స్వదేశ మిషనెరీ సంఘము ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని నాటాలుకు పంపిరి. పంపిన కమిటీలో ధనవంతులు తక్కువ. అయినను సముద్రమునకు ఆవలనున్న తమవారి బాధ్యత తమదేయని ఒప్పుకొనిరి. దీనిని మన తెలుగు సంఘములు మరువరాదు.

ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు 60 వేలకు పైగా కూలీలు పోయిరి. 1903 నుండి మద్రాసు రేవు నుండియు ఓడలు నడిచెను గనుక వారిలో తెలుగువారును గలరు. అగ్రిమెంటు అను మాట వారి నోట గిరిమిట్ అయ్యెను. అయిదేండ్ల గిరిమిట్. రోజుకు మగవానికి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. నూరుగురు మగవారికి నలుబదిమంది స్త్రీలు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల గదులలో కాపురము. పని తప్పినచో శిక్ష.

1915లో సి. ఎఫ్. ఆండ్రూసు, పియర్సను అను ఇద్దరు ఫిజీకి పోయి కూలీల లైన్లలో తిరిగి, 1916లో నివేదికను ప్రచురించిరి. ఆ సంవత్సరము మార్చిలో మదనమోహన మాలవీయ పండితుడు శాసన మండలిలో గిరిమిట్ రద్దు తీర్మానమును ప్రవేశపెట్టగా రాజప్రతినిధి హార్డింజి ప్రభువు సూత్రప్రాయముగా అంగీకరించెను. 1917లో కూలీల ఎగుమతి ఆగెను. ఆస్ట్రేలియా స్త్రీల సంఘములు కూడ ఒక్కటై మిస్ గార్న్‌హాం అను మిషనెరీని విచారణకు పంపగా, ఆమె నివేదిక 1918లో వెలువడెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిరిమిట్లన్నియు రద్దయ్యెను. కలకత్తాలో ముగ్గురు సంతకము చేసిన ఎనుబది సంవత్సరములకు వారి మాట నెగ్గెను.

ఇంకొక మెట్టు గలదు. 1926లో ఫిజీలోని నందిలో సాధు కుప్పుస్వామి మొదలగువారు దక్షిణ దేశీయుల సన్మార్గ ఐక్య సంగమును స్థాపించిరి. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును ఏర్పరచుకొనిరి. అంతవరకు ఇతరులు వారిని గూర్చి మాటలాడిరి. ఇప్పుడు గిరిమిట్ కూలీలును వారి బిడ్డలును తామే కుర్చీలలో కూర్చుండి తమ బడులను తామే నడుపుకొనిరి.

నా సాక్ష్యము

ఇంత చరిత్ర వ్రాసి, నా సంగతి దాచిన యెడల అది కపటమగును. కొన్ని సంవత్సరముల క్రిందట వలస కార్మికుల సహాయార్థము ఏర్పడిన ఒక కమిటీలో నేను సభ్యుడనైయుంటిని. గురువును గనుక నా పేరు చేర్చిరి, నేనును సంతోషించితిని. ఒకనాటి మీటింగుకు, గల్ఫులో ఎనిమిది నెలల జీతము రాక తిరిగివచ్చిన ఒక సహోదరుని పిలిపించితిమి. లోపల జమాఖర్చులు చదువుట, ధన్యవాద తీర్మానము, ఫొటో, భోజనము జరిగెను. ఆయన వరండాలో చెప్పులు చేతపట్టుకొని ఉదయము నుండి కూర్చుండెను. మూడు గంటలకు, ఇక ఆయన సంగతి విందమని తలుపు తీయగా వరండా ఖాళీగా నుండెను. ప్యూనును అడిగితిమి. “ఆఖరి బస్సు పోతదని లేచిపోయిండయ్యగారూ” అనెను.

ఆయన చెప్పవలసినది మా మినిట్సు పుస్తకములో లేదు. ఆయన హాజరైనట్లు మాత్రము వ్రాసియున్నది. దాని క్రింద నా సంతకము గలదు. 1838లో ముక్కు మొగము ఎరుగని పెద్దమనుషులు జహూరన్‌ను లోపలికి పిలిచి ఆమె మాట వ్రాసికొనిరి. ఎన్నో ప్రసంగములు చేసిన నేను ఆ పాటి పని చేయలేకపోతిని. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని మోషే విధించిన ఆజ్ఞ మీద అంతకు ముందు ఆదివారమే నేను వాక్యము చెప్పియుంటిని.

మనకు నేర్పు పాఠము

ఈ చరిత్రలో నాకు తోచినవి మూడు. మొదటిది, కమిటీలో ప్రయోజనముగలవాడును లేనివాడును కలిసి కూర్చున్నప్పుడు భేదాభిప్రాయము తప్పదు. ఏకగ్రీవము కొరకు సత్యమును తగ్గించుటకంటె ముగ్గురి సంతకమే మేలు. రెండవది, ఓడిన నివేదిక కూడ వ్యర్థము కాదు, సాక్షి మాటను ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టిన యెడల. మూడవది, ఎవరి కొరకు కమిటీయో వారికి అందులో కుర్చీ ఉండవలెను.

వలస కార్మికుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1990 డిసెంబరు 18న ఆమోదించెను. అది 2003లో అమలులోనికి వచ్చెను. అందుచేతనే డిసెంబరు 18 అంతర్జాతీయ వలసదారుల దినము. క్రిస్మసుకు వారము రోజుల ముందు వచ్చు ఈ దినమున మన పాస్టరేటులలో, దూరదేశములకు పోయినవారి పేర్లు ఆరాధనలో చదువుట ఎంత పని? తిరిగివచ్చినవారిని ఇద్దరినైనను మన కమిటీలలో చేర్చుకొనుట ఎంత పని?

రెండవ నూరేండ్లలో అడుగిడు మన అధ్యక్ష మండలమునకు నా మనవి ఇంతే. బల్ల పెద్దది చేయనక్కరలేదు. వరండాలో నున్నవానిని మొదట లోనికి పిలిచి, తరువాత జమాఖర్చులు చదువుదము.