పట్టా తరువాత: ఆంధ్ర తీరంలో చిత్రకళా విద్యార్థి తుది పరీక్ష

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె సముద్రాన్ని ఆనుకొని ఉన్న మత్స్యకార గ్రామం. 1953 వరకు ఈ తీరమంతా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడి యువకుడు చిత్రకళను పాఠశాల పద్ధతిలో నేర్వాలనుకుంటే బిట్రగుంటలో రైలెక్కి మద్రాసు చేరవలసిందే. అక్కడ చదువు ముగించి, చివరి పనిని పరీక్షకుల ముందుంచిన విద్యార్థికి ఆ తరువాత ఏం మిగిలింది? ఆధునిక చిత్రకళా చరిత్రలు శైలుల గురించి విస్తారంగా రాశాయి గాని, ఈ ప్రశ్నకు తగినంత చోటివ్వలేదు.

మద్రాసు కళాశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంతంగా ప్రారంభించాడు. కొన్నేళ్లకే ప్రభుత్వం దానిని స్వీకరించి పారిశ్రామిక కళాశాలగా నడిపింది. లోహపు పని, కుండల పని, కొయ్య చెక్కడం వంటి వృత్తులకు అక్కడ పెద్దపీట. విద్యార్థి చేతిపనికి విలువ కట్టినది వలస ప్రభుత్వ అభిరుచి. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి బాధ్యతలు స్వీకరించే వరకు ఆ సంస్థకు భారతీయ అధిపతి లేడన్న విషయం ఇక్కడ గమనించదగినది.

తెలుగువారిలో ఈ ప్రశ్నను తన జీవితంతోనే ఎదుర్కొన్నవారు దామెర్ల రామారావు (1897-1925). రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఆయన పనిని చూసి నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకున్నట్లు జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. 1920లో ఆయన చదువు ముగిసింది. ఆ చివరి ఏడాదుల్లోనే బర్న్స్ స్థానంలోకి గ్లాడ్‌స్టన్ సాలమన్ వచ్చి, సజీవ నగ్నరూప చిత్రణ తరగతిని ప్రవేశపెట్టారు. రామారావు స్త్రీరూపాలలో కనిపించే శరీర నిర్మాణ జ్ఞానం ఈ శిక్షణ ఫలమే. అయితే ఆ రూపాలను కలిపే రేఖ అజంతాది. ఆ మేళవింపును ఏ పరీక్షా ఆయననుండి కోరలేదు.

పట్టా చేతికి వచ్చిన చిత్రకారునికి బొంబాయిలోనే నిలదొక్కుకునే అవకాశం ఉండగా, ఆయన గోదావరి ఒడ్డుకు తిరిగివచ్చారు. దీనిని కేవలం స్వస్థలాభిమానంగా చెప్పడం పొరపాటు. తెలుగునాట అప్పటికి చిత్రప్రదర్శనకు వెళ్లే అలవాటు లేదు, కొనేవారు అంతకన్నా లేరు. చూసేవారినీ నేర్చుకునేవారినీ తయారుచేస్తే తప్ప చిత్రకారునికి మనుగడ లేదని ఆయన గ్రహించారు. కొన్నాళ్లలోనే రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను స్థాపించారు. వరదా వెంకటరత్నం ఆయనకు తోడుగా నిలిచారు. ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి కలకత్తాలో వైస్రాయి బహుమతి లభించింది. 1924లో ఆయన చిత్రాలు లండన్‌లోని వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శనకు వెళ్లాయి. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మశూచి ఆయనను బలిగొంది. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. విద్యార్థి దశ ముగిశాక ఆయనకు దక్కినవి అయిదేళ్లే. ఆయన పేరిట వెలసిన చిత్రశాల నేటికీ రాజమహేంద్రవరంలో ఉంది. కూల్డ్రే శిష్యులలో మరొకరైన అడివి బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ వద్ద నేర్చుకొని చిత్రకళతో పాటు నవలనూ చేపట్టారు. తెలుగు చిత్రకారునికి కుంచె ఒక్కటే జీవనాధారం కాలేదన్నదానికి ఆయన జీవితమూ ఉదాహరణే.

మద్రాసులో ఈ సమస్య నలభై ఏళ్ల తరువాత మరో రూపంలో వచ్చింది. 1957లో ప్రిన్సిపాలైన కె.సి.ఎస్. పణిక్కర్, తన దగ్గర పట్టా పొందినవారిలో చాలామంది ఉద్యోగాలలో కలిసిపోయి చిత్రరచన మానేయడం గమనించారు. ఉపాయం చేతిపనిలోనే దొరికింది. విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి బాతిక్ వస్త్రాలు చేసి అమ్మారు, ఆ సొమ్ముతో ఇంజంబాక్కం తీరంలో ఇసుక నేల కొన్నారు. 1966లో అదే చోళమండల కళాగ్రామమైంది. చిత్రకళకు హస్తకళను కింది మెట్టుగా భావించినవారికి ఇది ఇబ్బందికరమైన ఉదంతం: చిత్రాన్ని బతికించినది అద్దకమే. జువ్వలదిన్నె ఇసుకా ఇంజంబాక్కం ఇసుకా ఒకే కోరమండల్ తీరానివి.

డిజైన్ విద్య ఈ ప్రశ్నను మరోవైపు నుంచి అందుకొంది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదిక సామాన్యుని లోటాను శ్రేష్ఠమైన రూపకల్పనకు నమూనాగా చూపింది. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. అక్కడ చివరి ప్రాజెక్టును విద్యార్థి తరచు ఒక సంస్థ వాస్తవ అవసరం కోసం చేసి, తరువాత జ్యూరీ ముందు సమర్థించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి సంస్థ 2015లో గుంటూరు సమీపంలో మొదలైంది. 2019 చట్ట సవరణ దానిని జాతీయ ప్రాముఖ్య సంస్థల కోవలో చేర్చింది. వాస్తవ అవసరం అన్నప్పుడు అది ఎవరిదన్న అనుమానం సహజం. ప్రాజెక్టుకు డబ్బిచ్చేవారి అవసరానికీ వస్తువును వాడేవారి అవసరానికీ మధ్య దూరం చిన్నది కాదు.

ఆ దూరం ఈ తీరంలో పడవల విషయంలో బాగా తెలుస్తుంది. ఒడ్డున విరిగే అలలను దాటడానికి జాలర్లు దుంగలను తాళ్లతో కట్టి తెప్పలు చేసుకున్నారు. దుంగలను విడదీసి ఆరబెట్టవచ్చు, నీరు నిలవదు, ఇసుక మీదికి లాగవచ్చు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డునే దిగగల ఫైబర్ పడవలకు పలు నమూనాలు చేసి, తూర్పు తీరపు అలలలో పరీక్షించింది. నౌకాశిల్పి గీసిన గీతను అక్కడ తేల్చినది జాలరి నడుమూ అలా. 2004 సునామీ తరువాత సహాయంగా వచ్చిన ఫైబర్ పడవలతో తెప్పలు మరింత అరుదయ్యాయి. ఇటీవలి ఏళ్లలో జువ్వలదిన్నెలో చేపల రేవు నిర్మాణం జరిగింది. రేవు ఉన్నచోట ఒడ్డున దిగే పడవ అవసరం తగ్గుతుంది, దానితోపాటే తెప్ప కట్టే ముడుల విద్యా పోతుంది. ఆ ముడులను గీసి, కొలిచి, కట్టేవారి మాటలతో సహా నమోదు చేయడం ఒక విద్యార్థి చివరి సంవత్సరానికి సరిపడే పని. దానిని చూడవలసిన జ్యూరీలో మొదటి కుర్చీ తెప్ప కట్టిన వృద్ధునిది.