సూత్రమూ యంత్రమూ

1967వ సంవత్సరము మార్చి నెలలో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘమువారి పత్రికలో ఒక చిన్న లేఖ అచ్చయినది. వ్రాసినవాడు ఇంగర్మన్ అనే శాస్త్రజ్ఞుడు. అప్పటికి ఏడెనిమిది ఏండ్లుగా యంత్రభాషల వ్యాకరణమును వ్రాయడానికి జాన్ బాకస్ కల్పించిన ఒక సంకేతపద్ధతి వాడుకలో ఉన్నది. అంతటి శక్తిగల పద్ధతిని పాణిని ఎన్నో శతాబ్దముల క్రిందటనే కల్పించినాడు గనుక, దానిని ‘పాణిని–బాకస్ రూపము’ అని పిలవడము న్యాయమని ఆ లేఖ సారాంశము.

ఆ పేరు నిలువలేదు. పోలిక కూడ సగమే నిజము. పాణిని సూత్రము ఒక వర్ణము మరొకటిగా మారునని చెప్పునప్పుడు, దాని ప్రక్కన ఏమున్నదో చూచి చెప్పును. అచ్చు పరమైనప్పుడు ఒక తీరు, హల్లు పరమైనప్పుడు మరొక తీరు. బాకస్ సూత్రమునకు ఇరుగుపొరుగులతో పని లేదు. అయినను ఆ లేఖలో గుర్తింపదగిన సంగతి ఒకటి కలదు. వ్యాకరణమును బోధించే పుస్తకముగా గాక, ఎవరు ఆచరించినా ఒకే ఫలమునిచ్చే విధులుగా వ్రాయవచ్చుననే ఊహ మనవారికి క్రొత్తది కాదు. సుమారు నాలుగువేల సూత్రములలో ఒక భాషనంతటిని ఇమిడ్చి, ఆ సూత్రములు చదువుటకై వేరొక సంకేతభాషను సృష్టించిన ఘనత అష్టాధ్యాయిది.

పడమటి దేశములలో ఈ ఊహ రెండు దారుల వచ్చినది. 1956లో నోమ్ చామ్‌స్కీ మానవభాషల వర్ణన కొరకు సూత్రరూప వ్యాకరణములను తరగతులుగా విభజించి చూపినాడు. 1959లో పారిస్‌లో జరిగిన సభలో బాకస్ యంత్రభాష కొరకు తన సంకేతములను ప్రకటించినాడు. పీటర్ నౌర్ వాటిని సవరించి, ‘ఆల్గాల్’ అనే భాషను గురించి 1960లో వెలువడిన నివేదికలో వాడినాడు. సూత్రములు ఏర్పడిన పిమ్మట వాటిని అనుసరించి వాక్యమును విడదీసి చూపే సాధనము కావలెను. దీనిని పార్సరు అన్నారు. మన బడులలో పదచ్ఛేదము, అన్వయము అని రెండు పనులుగా చెప్పించేదానిని అది ఒక్కటిగా చేయును.

మొదట ప్రతి భాషకు ఒక పార్సరును చేతితోనే వ్రాసుకొనేవారు. వ్యాకరణములో ఒక సూత్రము మారితే సాధనమంతా విప్పి కట్టవలసివచ్చేది. ఎడమనుండి కుడికి ఒక్కమారు చదువుచు, వెనుకకు పోకుండ, ఏ తరగతి వ్యాకరణములను అన్వయించవచ్చునో 1965లో డోనాల్డ్ నూత్ నిరూపించినాడు. ఆ మార్గమున, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ ‘యాక్’ అనే సాధనమును నిర్మించినాడు; దాని వివరణపత్రము 1975 నాటిది. వ్యాకరణము వ్రాసి దానికి అందిస్తే చాలును, పార్సరును అదే వ్రాసి ఇచ్చును.

సూరత్ నగరపు మగ్గములమీద పనిచేసే తెలుగు పద్మశాలీలకు ఈ ఏర్పాటును విప్పి చెప్పనక్కరలేదు. జకార్డు మగ్గము ఒక్కటే. చిల్లులు పొడిచిన అట్టలు మారిస్తే చీర మీది పూవు మారును. యాక్ చేసే పని సూత్రములనుండి అట్టలను పొడవడము. అట్టలన్నది పట్టికలను; వాటిని చదువుచు నడిచే భాగము అన్ని వ్యాకరణములకు సమానమే. ఇంకొక మేలు కూడ ఉన్నది. చదివినంతవరకు ఒక పదబంధముగా మూటగట్టవలెనా, లేక మరొక మాట కొరకు ఆగవలెనా అని ఎక్కడనైన రెండు విధులు పెనగులాడితే, ఒక్క వాక్యమైన చదువకమునుపే అది వ్యాకరణకర్తకు తెలియజేయును. సూత్రకారుని పొరపాటును భాష్యకారుడు కనిపెట్టేవరకు కాచుకొనవలసిన పని లేదు.

ఆ పిమ్మట వచ్చిన చిక్కు శాస్త్రసంబంధమైనది కాదు. 1985లో రాబర్ట్ కార్బెట్ ‘బైసన్’ అనే సాధనమును వ్రాసినాడు. రిచర్డ్ స్టాల్మన్ దానిని యాక్‌కు అనుగుణముగా సవరించి, ఎవరైనను తీసికొని, మార్చి, పంచుకొనదగిన స్వేచ్ఛా సాధనముల వరుసలో చేర్చినాడు. బైసన్ తయారుచేసిన ప్రతి పార్సరులోను, నడిచే భాగము యథాతథముగా వచ్చి చేరును. దానికి స్వేచ్ఛానియమము అంటుకొని ఉన్నది. కాబట్టి, ఇతరుల వ్యాకరణమునుండి పుట్టిన పార్సరు కూడ స్వేచ్ఛా సాధనములలోనే వాడవలసివచ్చినది. మగ్గమిచ్చినవాడు బట్టపై షరతు పెట్టినట్లు! పిదప ఒక మినహాయింపు వ్రాసి ఈ చిక్కును తీర్చినారు. వ్యాకరణము ఎవరిది, దానినుండి పుట్టిన యంత్రము ఎవరిది అనే ఈ ప్రశ్నను చిన్నదిగా ఎంచరాదు. మన భాషల విషయములో అది మరింత పెద్దది.

యంత్రభాషకు చాలిన ఈ పద్ధతి తెలుగు వాకిట నిలిచి తడబడును. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును సూత్రరూపముననే రచించినాడు. ఉకారసంధి నిత్యము, కొన్ని పదములలో ఇకారసంధి వైకల్పికము, అకారసంధి బహుళము. మొదటి రెంటిని యంత్రమునకు నేర్పవచ్చును. బహుళమన్నప్పుడు ఒకచోట జరుగును, ఒకచోట జరుగదు, ఒకచోట రెండు విధముల చెల్లును, మరొకచోట వేరొక రూపమే వచ్చును. వ్యాకర్తకు అది నిజాయితీగల మాట. యంత్రమునకు అది విధియే కాదు. పైగా వ్యాకరణములు పదములను కలుపు దిక్కున నడుచును, పార్సరు విడదీయు దిక్కున నడువవలెను. కలిపేటప్పుడు లేని సందేహము విడదీసేటప్పుడు పుట్టును. ‘వాడిల్లు కట్టాడు’ అన్నప్పుడు ‘వాడు, ఇల్లు’ అని విడదీస్తాము. ‘వాడిల్లు కూలింది’ అన్నప్పుడు ‘వాడి, ఇల్లు’ అని విడదీస్తాము. తీర్పు చెప్పే క్రియ వాక్యాంతమున కూర్చుండును.

ఈ కష్టమును ఎదుర్కొన్నవారిలో ‘అక్షర భారతి’ అను పేరుతో కలిసి వ్రాసిన బృందము ముఖ్యమైనది. కాన్పూరులోని భారతీయ సాంకేతిక విద్యాసంస్థలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలుపెట్టిన కృషి అది. 1995లో వెలువడిన వారి ఆంగ్లగ్రంథము, పాణినీయ దృష్టితో భాషలను యంత్రమునకు అందించు మార్గమును వివరించినది. పదములు ఏ వరుసలో వచ్చినా చెదరని కారక సంబంధమును వారు ఆధారము చేసికొన్నారు. చోటును బట్టి గాక విభక్తిని బట్టి అర్థము తెలిసే భాషలకు ఇది తగిన దారి. 1990ల మధ్యకాలమున ఈ పని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు వచ్చినది. తెలుగు, కన్నడము, మరాఠీ, వంగము, పంజాబీ భాషలనుండి హిందీలోనికి తెచ్చే ‘అనుసారక’ము ఇక్కడ రూపుదిద్దుకొన్నది.

పదవిశ్లేషణములో వారు అవలంబించినది ఆ మగ్గపు పద్ధతియే. యంత్రభాగము భాషలన్నిటికి ఒక్కటి. భాషావేత్త చేయవలసినది రూపముల పట్టికలు నింపడము. ‘చెట్టు’కు ‘చెట్లు’ అని ఒక పట్టిక వ్రాస్తే మెట్టు, గట్టు, జట్టు దాని వెంట నడుచును. ‘కన్ను, కంటికి, కళ్ళు’ వెంట ‘పన్ను, పంటికి, పళ్ళు’ నడుచును. అయితే ప్రభుత్వమునకు కట్టే పన్ను ఆ పట్టికలోనిది కాదు. దానికి ‘పన్నుకు’, ‘పన్నులు’ అని వేరు రూపములు. ఇటువంటివి తెలిసినవాడు కూర్చుండి వ్రాయనిదే ఏ యంత్రమును తెలుసుకొనలేదు. హైదరాబాదులో గారపాటి ఉమామహేశ్వరరావు వంటివారు తెలుగు పదవిశ్లేషణమునకు చేసిన సేవ ఇట్టిది.

అనువాదకులకు మిక్కిలి పరిచితమైన చిక్కు ఒకటి ఇక్కడ బయటపడినది. తెలుగులో ‘కోసిన’ అనే ఒక్క మాట చాలును. కోసిన పిల్లవాడు, కోసిన పండు, కోసిన కత్తి, కోసిన చెట్టు, కోసిన రోజు: కర్త, కర్మ, కరణము, అపాదానము, అధికరణము అన్నియు ఆ మాట వెనుక మౌనముగా నిలిచినవి. హిందీ ఈ మౌనమును సహింపదు. ‘జిస్ లడ్‌కే నే’, ‘జో ఫల్’, ‘జిస్ చాకూ సే’ అని విభక్తిని విప్పి చెప్పి తీరవలెను. అంతేగాక కత్తితో కోస్తే ‘కాట్‌నా’, చెట్టునుండి కోస్తే ‘తోడ్‌నా’. సామాన్య యంత్రము ఏదో ఒకదానిని ఊహించి వ్రాసి చేతులు దులుపుకొనును. అనుసారకకర్తలు అట్లా చేయలేదు. ‘జో’ అనే మాటకు చుక్కగుర్తు తగిలించి, మూలములో విభక్తి చెప్పబడలేదని పాఠకునికే తెలియజేసినారు. చదువుటకు అది ఇంపుగా ఉండదు, హిందీవారి చెవికి కటువు కూడ. కాని మూలము చెప్పనిది చెప్పినట్లు అబద్ధమాడదు. సొగసైన అనువాదములు కొన్ని ఈ పరీక్షకు నిలువజాలవు.

ఈ సాధనములను వారు స్వేచ్ఛానియమము క్రిందనే విడుదల చేసినారు. ఫలితము వెంటనే గాకపోయినను కనిపించినది. స్పెయిన్ దేశమున అలికాంతే విశ్వవిద్యాలయమువారు తమ దేశపు భాషల కొరకు నిర్మించిన ‘అపెర్టియం’ అను స్వేచ్ఛా సాధనములోని పదవిశ్లేషక నిర్మాణభాగమును, హైదరాబాదు విశ్వవిద్యాలయమున అంబా కులకర్ణి బృందము సంస్కృత పదరూపముల కొరకు వాడుకొన్నది. పట్టికలు ఇక్కడివి, మగ్గము అక్కడిది. ఫ్రాన్సులో జెరార్ హువే వేరొక దారిన సంస్కృతసంధిని విడదీసే సాధనమును నిర్మించినాడు. 2007లో పారిస్ సమీపమున మొదలైన సంస్కృత–గణనశాస్త్ర సదస్సులలో మూడవది 2009 జనవరిలో హైదరాబాదులో జరిగినది.

హువే సాధనమునకు ఒక సంస్కృతవాక్యము ఇస్తే, అది ఒకే విచ్ఛేదమును తేల్చి చెప్పదు. చెల్లదగిన ముక్కలన్నిటిని రంగురంగుల పెట్టెలుగా వరుసలు పేర్చి చూపును. పాఠకుడు ఒక పెట్టెను ఎన్నుకొంటే, దానితో పొసగనివి తొలగిపోవును. మిగిలినవానిలో మరల అతడే ఎన్నుకొనవలెను.